దరువు సందేహాలు: లారీ ములన్ స్నేర్ వెనక ఏముంది?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం ఒక్క మనిషి గురించే. ఐర్లండ్ రాక్ బృందం యూటూలో మొదటి నుంచీ డ్రమ్స్ వాయిస్తున్న లారీ ములన్ జూనియర్. అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఆయనకే ఇచ్చాం. పైన చెప్పిన స్నేర్ అంటే డ్రమ్ కిట్టులో అడుగున తీగలు బిగించి ఉండే చిన్న డ్రమ్ము. ఆయన కథ తెలుసుకోవాలని అడిగినవాళ్ళూ ఉన్నారు, ఆ వాయింపు నేర్చుకోవాలనుకునేవాళ్ళూ ఉన్నారు. రెండూ కలిసే ఉన్నాయి కాబట్టి జవాబులనూ విడదీయలేదు.

ప్రశ్న: యూటూ అంటే బోనో గొంతు, ఎడ్జ్ గిటార్ గుర్తొస్తాయి. బృందం పెట్టింది మాత్రం డ్రమ్మరేనని విన్నాను. నిజమేనా? పేరు చివర ఆ 'జూనియర్' ఏమిటి? (నల్లగొండ పాఠకుడు)

నిజమే. 1976లో డబ్లిన్‌లోని మౌంట్ టెంపుల్ స్కూలు నోటీసు బోర్డు మీద, బ్యాండు పెట్టాలనుంది, వాయించేవాళ్ళు రండి అని చీటీ అంటించింది లారీయే. పుట్టింది 1961 అక్టోబరు 31న. అంటే అప్పటికి 15 ఏళ్ళు కూడా నిండలేదు. సెప్టెంబరు 25న ఆర్టేన్ పేటలో వాళ్ళింటి వంటగదిలో మొదటిసారి కూడారు. వంటగదిలో డ్రమ్ కిట్టు పరిచాక మిగతా కుర్రాళ్ళకు ఎంత చోటు మిగిలి ఉంటుందో మీరే ఊహించుకోండి. బోనో గడప దాటి లోపలికొచ్చేదాకా, ఓ పది నిమిషాలు, అది 'లారీ ములన్ బ్యాండ్' అని ఆయనే తర్వాత నవ్వుతూ చెప్పుకున్నాడు.

ముందు ఫీడ్‌బ్యాక్, ఆ తర్వాత ది హైప్, 1978 నుంచి యూటూ. ఆ ఏడాది మార్చి 17న లిమరిక్ ఊళ్ళో జరిగిన పోటీలో గెలిచి 500 పౌండ్లు అందుకున్నారు.

జూనియర్ సంగతి చిన్నదే. తండ్రి పేరు కూడా లారీ ములనే. బృందానికి డబ్బులు రావడం మొదలయ్యాక కొడుక్కి రావాల్సిన పన్ను కాగితాలు తండ్రికి వెళ్ళసాగాయి. ఆ గొడవ వదిలించుకోవడానికి తగిలించుకున్న తోక అది.

ఇక్కడే ఇంకో మాట. యూటూ పాటల సంగీతం కింద ఒక్కరి పేరు ఉండదు, బృందం పేరే ఉంటుంది. రాబడి సమానంగా పంచుకోవాలని మేనేజర్ పాల్ మెక్‌గిన్నెస్ మొదట్లోనే సలహా ఇచ్చాడు. బాణీ నాది, నువ్వు వట్టి దరువేగా అన్న మాట రాకపోవడం వల్లే ఆ నలుగురూ అన్నేళ్ళు కలిసున్నారని మా అభిప్రాయం. బ్యాండు పెట్టే కాలేజీ పిల్లలు మొదటి పాట రికార్డు చెయ్యకముందే ఈ లెక్క తేల్చుకుని కాగితం మీద రాసుకోవడం మంచిది. పాట హిట్టయ్యాక ఎవరూ రాయరు.

ప్రశ్న: ఆరేళ్ళుగా మృదంగం నేర్చుకుంటున్నాను. యూటూ పాట 'సండే బ్లడీ సండే' మొదట్లో వచ్చే స్నేర్ నా చెవికి తకధిమి లాగే ఉంది. డ్రమ్ కిట్టు మీద అది ఎలా వాయించాలి? ఎంత ప్రయత్నించినా నాది పోలీసు బ్యాండులా ఉండడం లేదు. (రాజమహేంద్రవరం పాఠకురాలు)

మీ చెవి సరిగ్గానే పట్టింది. చతురశ్ర నడే. లెక్కకు నాలుగు దెబ్బలు, నాలుగు లెక్కలకు పదహారు. తేడా అంతా చేతుల్లో ఉంది.

లారీ ముందు పియానోకు వెళ్ళి, అది అచ్చిరాక, తొమ్మిదేళ్ళప్పుడు డబ్లిన్‌లో జో బోనీ అనే గురువు దగ్గర డ్రమ్స్‌లో చేరాడు. ఆయన తర్వాత ఆయన కూతురు మోనికా నేర్పింది. ఆర్టేన్ బాయ్స్ బ్యాండులో చేరితే జుట్టు కత్తిరించుకోమన్నారు. కొంచెం కత్తిరించుకుంటే చాలదన్నారు. మూడు వారాలకే బయటికొచ్చి, తపాలా ఉద్యోగుల యూనియన్ బ్యాండులో చేరి రెండేళ్ళు కవాతు డ్రమ్ము వాయించాడు. మీరు వింటున్నది ఆ రెండేళ్ళనే.

మామూలు రాక్ డ్రమ్మరు కుడిచేయి హైహ్యాట్ (కాలి మీటతో బిగించే రెండు పళ్ళేల తాళం) మీద, ఎడమచేయి స్నేర్ మీద ఉంచి 2, 4 లెక్కల్లో స్నేర్ కొడతాడు. కవాతులో అలా కాదు. డ్రమ్ము ఒక్కటే, రెండు చేతులూ దాని మీదే, కుడి ఎడమ కుడి ఎడమ, రెండింటి బరువూ ఒకటే. ఈ పాటలో లారీ ఆ కవాతు చేతుల్ని కిట్టు మీదికి తెచ్చాడు. రెండు చేతులూ హైహ్యాట్ మీద మార్చి మార్చి నడుస్తుంటాయి, మధ్యలో కొన్ని దెబ్బలు స్నేర్ మీదికి దిగుతాయి. కాలు ప్రతి లెక్కకూ కిక్ (కింద ఉండే పెద్ద డ్రమ్ము) కొడుతుంది.

సాధన ఇలా చెయ్యండి. లెక్క కొట్టే మెట్రోనోమ్‌ను 60 మీద (నిమిషానికి 60 లెక్కలు) పెట్టి, ముందు రబ్బరు ప్యాడ్ మీద రెండు నిమిషాలు ఆగకుండా 'తకధిమి'. త, ధి కుడిచేతికి. క, మి ఎడమకు. పుల్ల నాలుగు అంగుళాల కంటే పైకి లేవకూడదు. అది కుదిరాక కాలు కలపండి. ఆ తర్వాతే హైహ్యాట్‌కు వెళ్ళండి. అక్కడ ఒక్క 'మి' మాత్రమే స్నేర్ మీద వెయ్యండి. ఎడమచేయి స్నేర్‌కు దగ్గరగానే ఉంటుంది కనక తేలిక. తర్వాత ఒక్క 'ధి'ని స్నేర్ మీదికి దించండి. ఇప్పుడు కుడిచేయి హైహ్యాట్ నుంచి దిగి, స్నేర్ కొట్టి, మళ్ళీ పైకి పోవాలి. ఇదీ అసలు చిక్కు. అందరికీ ఆ తర్వాతి కుడి దెబ్బ ఆలస్యమవుతుంది. మోచేతిని కదిపితే ఆలస్యం తప్పదు, మణికట్టు ఒక్కటే తిరగాలి. హైహ్యాట్‌ను రెండు అంగుళాలు కిందికి దించి చూడండి, దూరం తగ్గి సగం సమస్య పోతుంది. తప్పు లేకుండా ఒక నిమిషం వచ్చాకే 5 పెంచండి. 100కు చేరితే పాట నడకకు వచ్చినట్టే. ఆ వేగంలో నిమిషానికి 400 దెబ్బలు పడతాయి కాబట్టి తొందరపడితే ముంజేయి కట్టేస్తుంది.

మీది పోలీసు బ్యాండులా లేకపోవడానికి కారణం మృదంగమే కావచ్చు. మృదంగంలో వలంతల (కుడివైపు) వేరు, తొప్పి (ఎడమవైపు) వేరు; రెండు చేతుల పనీ వేరు. పైగా 'త' మీద నొక్కు సహజంగా పడిపోతుంది. ఇక్కడ రెండు చేతుల నాదంలో తేడా తెలియకూడదు. ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీసి చూసుకోండి. కుడి పుల్ల ఆరు అంగుళాలు, ఎడమది మూడు అంగుళాలు లేస్తూ కనిపిస్తుంది. కుడిని తగ్గించండి, ఎడమను పెంచొద్దు. ఇంకొకటి, హైహ్యాట్‌ను కాలితో మరీ బిగించి పట్టకండి. రెండు పళ్ళేలూ ఒకదానికొకటి తగిలీ తగలనట్టు ఉంటే కవాతు తాళాల గలగల వస్తుంది.

ప్రశ్న: ఆ పాటలో డ్రమ్స్ మెట్ల కింద రికార్డు చేశారని చదివాను. మా అపార్ట్‌మెంట్ మెట్ల దగ్గర కూడా చప్పట్లు కొడితే బాగా మోగుతుంది. అక్కడ చెయ్యొచ్చా? (కూకట్‌పల్లి పాఠకుడు)

చదివింది నిజమే. 1983లో వచ్చిన 'వార్' ఆల్బమ్ కోసం డబ్లిన్ విండ్‌మిల్ లేన్ స్టూడియోలో డ్రమ్స్‌ను మెట్ల అడుగున పెట్టి వాయించారు. నిర్మాత స్టీవ్ లిల్లీవైట్‌కు కావలసింది ఆ రాతి గోడల మోత. స్టూడియో గదుల్లో పరిచే మెత్తలన్నీ ఆ మోతను మింగేస్తాయి.

మీ మెట్లు పనికొస్తాయి. గ్రానైట్ మెట్లు, సిమెంటు గోడలు, పైదాకా ఖాళీ. అంతకంటే ఏం కావాలి? కానీ కిట్టు మొత్తం అక్కడికి మోసుకెళ్ళొద్దు. మూడో దెబ్బకు అసోసియేషన్ సెక్రటరీ దిగొస్తారు. గదిలోనే స్నేర్‌ను దగ్గర మైకుతో రికార్డు చేసుకోండి. తర్వాత ఓ మధ్యాహ్నం మెట్ల అడుగున ఒక స్పీకరు పెట్టి ఆ స్నేర్ ట్రాక్ ఒక్కటే మోగించి, పై అంతస్తు మలుపులో మైకు పెట్టి మళ్ళీ రికార్డు చెయ్యండి. ఐదు నిమిషాల పని, స్పీకరు మోత మీ చేతిలో ఉంటుంది.

శబ్దం సెకనుకు దాదాపు 345 మీటర్లు పోతుంది. మైకు 7 మీటర్ల దూరంలో ఉంటే 20 మిల్లీసెకన్లు ఆలస్యంగా అందుతుంది, 10 మీటర్లయితే 29. ఈ మేరకు చెవి రెండింటినీ ఒకే దెబ్బగా వింటుంది, దెబ్బ మాత్రం లావవుతుంది. 17 మీటర్లు దాటి 50 మిల్లీసెకన్లకు చేరితే రెండో దెబ్బ విడిగా వినపడి టెంపో చెడినట్టుంటుంది. చాలామంది చేసే తప్పు ఏమిటంటే, కంప్యూటర్లో ఆ రెండు ట్రాకుల తరంగాలూ పక్కపక్కన చూసి, దూరపు దాన్ని ముందుకు జరిపి అతికిస్తారు. ఆ సందే కదా మీరు మెట్లెక్కి తెచ్చుకున్నది. దాన్ని అలాగే ఉంచండి. మెట్ల ట్రాక్‌లో 120 హెర్ట్జ్ కింద కోసెయ్యండి, లేకపోతే కింద గుమ్మని బురద చేరుతుంది. కిక్‌ను మాత్రం మెట్ల మీదికి పంపొద్దు.

ప్రశ్న: మా చర్చిలో డ్రమ్స్ వాయిస్తాను. స్నేర్ డబ్బా కొట్టినట్టు ఉంది, లారీ స్నేర్‌లా చుర్రుమనడం లేదు. హెడ్ (డ్రమ్ముకు బిగించే పొర) మార్చినా అంతే. (విశాఖపట్నం పాఠకుడు)

హెడ్ ఒకటే మార్చి ఉంటారు, పైది. చుర్రుమనే గుణం కింది హెడ్‌ది. దాన్ని పట్టించుకున్నవాళ్ళు తక్కువ.

స్నేర్ తీగల మీట వదులు చేసి డ్రమ్మును బోర్లించండి. కింది హెడ్ పల్చన, సూది గుచ్చినా పోతుంది, జాగ్రత్త. బోల్టులన్నీ ముందు వేళ్ళతో తగిలేదాకా తిప్పండి. తర్వాత డ్రమ్ కీతో ఒకటి బిగించి, దానికి ఎదురుగా ఉన్నది బిగించి, అలా నక్షత్రం గీసినట్టు వెళ్ళండి. ఒక్కోసారి సగం చుట్టు, మూడు నాలుగు ఆవృత్తులు. వరసగా ఒక పక్క నుంచి బిగించుకుంటూ పోతే రిమ్ (హెడ్‌ను పట్టి ఉంచే చుట్టు చట్రం) వంగుతుంది, ఆ తర్వాత ఎవరి వల్లా శ్రుతి కాదు. ప్రతి బోల్టు దగ్గరా అంచు నుంచి అంగుళం లోపల వేలితో తట్టి వినండి, అన్నీ ఒకే స్వరం పలకాలి. పై హెడ్‌ను కూడా అలాగే బిగించండి, కానీ కింది దానికంటే ఒక మెట్టు తగ్గించి. కవాతు పదును కావాలంటే పై హెడ్‌ను మామూలు కంటే ఎక్కువ బిగించాలి. అందులో వెనకాడొద్దు.

ఆఖర్న తీగలు. మీట వేసి, తీగలు పూర్తి వదులుగా ఉంచి, మెల్లగా మునివేళ్ళతో తడుతూ బిగించండి. గరగర పోయి చిన్న దెబ్బకు కూడా తీగ పలికే చోట ఆపేయండి. ఇంకా బిగిస్తే తీగలు హెడ్‌కు అతుక్కుపోయి ఊపిరాడనివ్వవు. మీరు చెప్పే డబ్బా చప్పుడు నూటికి తొంభై వంతులు ఇదే.

మీది సముద్రం పక్క ఊరు కనక ఇంకొకటి. హెడ్లు ప్లాస్టిక్, తేమకు పెద్దగా మారవు. కానీ బోల్టులూ తీగలూ తుప్పు పడతాయి. తుప్పు పట్టిన బోల్టు బిగిసినట్టే చేతికి తెలుస్తుంది, హెడ్ మాత్రం బిగిసి ఉండదు. నాలుగు నెలలకోసారి విప్పి, పొడి గుడ్డతో తుడిచి, మర మీద ఒక్క చుక్క కుట్టుమిషను నూనె వెయ్యండి. తీగల్లో ఒకటి రెండు వంగి ఉంటే వాటిని కత్తిరించి పారేయొచ్చు. వంగిన తీగ మిగతా పందొమ్మిదింటినీ గోల పెట్టిస్తుంది.

ప్రశ్న: చెవిలో లెక్క కొట్టే క్లిక్ పెడితే నా వాయింపు చచ్చిపోతోంది. లెక్కలు కూడా మధ్యలో తప్పుతాను. పెద్ద డ్రమ్మర్లకు ఇవేం ఉండవు కదా? (కరీంనగర్ పాఠకుడు)

లారీకి రెండూ ఉన్నాయి. క్లిక్ పెడదామని లిల్లీవైట్ అంటే ససేమిరా అన్నాడు. తాను ఎంతో గౌరవించే ఆండీ న్యూమార్క్, అంటే స్లై అండ్ ది ఫ్యామిలీ స్టోన్ బృందంలో వాయించినాయన, అనుకోకుండా కలిసి తాను క్లిక్ లేకుండా రికార్డు చెయ్యనన్నాకే మెత్తబడ్డాడు. ఇక లెక్కలంటారా, తనకు డిస్కాల్క్యులియా ఉందని, అంటే అంకెలు మెదడులో నిలవని ఇబ్బంది ఉందని, 2024లో ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు. బార్లు (లెక్కల ఆవర్తనాలు) లెక్కపెట్టడం తనకు ఎవరెస్టు ఎక్కడంతో సమానమన్నాడు. అన్ని దశాబ్దాలు స్టేడియాలు నింపాక.

కాబట్టి లెక్కపెట్టకుండా నేర్చుకునే దారి చూడండి. మాటలు పాడుకుంటూ వాయించండి. పల్లవి ఆఖరి మాట ఏది, చరణం ఏ మాటతో మొదలవుతుంది, ఏ మాట మీద ఫిల్ (మలుపులో వేసే చిన్న అలంకారపు దరువు) పడాలి, ఇవి కంఠస్థమైతే ఎనిమిది బార్లా పన్నెండా అన్న చింత ఉండదు. సంగీతం ఒక్కటే ఉన్న చోట మీ సొంత పిచ్చి మాటలు అల్లుకోండి. ఎవరూ వినరు.

క్లిక్ విషయంలో అందరూ చేసే పొరపాటు దాన్ని తరమడం. క్లిక్ వినపడ్డాక కొడితే ఎప్పుడూ వెనకే ఉంటారు. మీ దెబ్బ సరిగ్గా దాని మీద పడితే క్లిక్ మాయమవుతుంది, స్నేర్ దాన్ని కప్పేస్తుంది. వినపడటం మానేసిందంటే సరిగ్గా ఉన్నారని గుర్తు. ముందు నాలుగు లెక్కలకూ పెట్టుకోండి, వారం తర్వాత 2, 4 మాత్రమే ఉంచండి, ఆ తర్వాత బారుకు ఒక్కటి. ఫిల్ దగ్గర ముందుకు పరిగెత్తేస్తున్నారా? ఫిల్‌లో కాలు ఆపేస్తున్నారన్నమాట. కాలు ఆపకండి.

ప్రశ్న: 'మిషన్: ఇంపాజిబుల్' సినిమా సంగీతం ఆయనదేనా? (ఖమ్మం పాఠకురాలు)

కాదు. బాణీ లాలో షిఫ్రిన్‌ది, 1960లలో టీవీ సీరియల్ కోసం చేసింది. 1996 సినిమాకు యూటూ బేస్ గిటారిస్టు ఆడమ్ క్లేటన్, లారీ కలిసి దాన్ని కొత్తగా చేశారు. అది అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ మొదటి పదిలోకి వెళ్ళింది. అసలు బాణీ బారుకు ఐదు లెక్కలు. తకిట తకిట తక తక అని చెప్పి చూడండి, మూడు, మూడు, రెండు, రెండు, మొత్తం పది అరలెక్కలు, సరిపోయింది. డ్యాన్సు చేసేవాళ్ళ కాళ్ళు ఐదుకు తడబడతాయి కాబట్టి వీళ్ళు దాన్ని చాలావరకు నాలుగు లెక్కల్లోకి మార్చారు. చేతితో మీరే చేసి చూడొచ్చు. చివరి 'తక' ఒకటి తీసేస్తే మూడు, మూడు, రెండు, ఎనిమిది అరలెక్కలు. ఆ చిన్న కుంటు పోయి నడక సాఫీ అవుతుంది. మా వరకైతే ఐదే రుచి.

1990లో ఐర్లండ్ మొదటిసారి ఫుట్‌బాల్ ప్రపంచకప్‌కు వెళ్ళినప్పుడు వచ్చిన 'పుట్ ఎమ్ అండర్ ప్రెషర్' పాటకు కూడా నిర్మాత లారీయే. కోచ్ జాక్ చార్ల్‌టన్ గొంతు, హార్స్‌లిప్స్ బృందం గిటార్ ముక్క కలిపి చేశాడు. ఐర్లండ్‌లో 13 వారాలు మొదటి స్థానంలో ఉంది.

ప్రశ్న: గంట వాయిస్తే బొటనవేలి కింద, మణికట్టులో నొప్పి. లారీ కూడా నొప్పుల వల్లే ఆగిపోయాడంటున్నారు. బరువు పుల్లలు మానెయ్యాలా? (డాలస్ నుంచి ఒక తెలుగు పాఠకుడు)

లాస్ వేగస్‌లోని స్ఫియర్ అనే ప్రదర్శనశాలలో 2023 సెప్టెంబరు 29 నుంచి 2024 మార్చి 2 దాకా యూటూ 40 ప్రదర్శనలిచ్చింది. శస్త్రచికిత్స తర్వాత కోలుకుంటున్న లారీ వాటిలో లేడు. ఆ స్థానంలో నెదర్లాండ్స్‌కు చెందిన క్రెజిప్ బృందం డ్రమ్మర్ బ్రామ్ వాన్ డెన్ బర్గ్ వాయించాడు. అంతకుముందు 1990ల్లో కూడా లారీకి వెన్ను శస్త్రచికిత్స అయింది. చేతుల్లో స్నాయువుల వాపు ఏళ్ళ తరబడి ఉంది, దానికోసం ప్రత్యేకంగా చేయించిన ప్రోమార్క్ పుల్లలు వాడాడు.

మీ నొప్పి వచ్చే చోటును బట్టి చూస్తే పుల్ల బరువు కంటే పట్టు మీద అనుమానం. బొటనవేలు, చూపుడువేలు గట్టిగా నొక్కితే, దెబ్బ తర్వాత పుల్లలో వచ్చే అదురంతా అక్కడే ఆగుతుంది. పరీక్ష సులువు. స్నేర్ మీద ఒక్క దెబ్బ వేసి వదలండి. పుల్ల దానంతట అదే ఏడెనిమిది సార్లు ఎగరాలి. రెండింటికే ఆగితే మీరు గొంతు పిసుకుతున్నట్టే. 5ఏ పుల్ల మందం దాదాపు 14.4 మిల్లీమీటర్లు, 5బీ 15.1. పట్టు బిగుసుకునేవాళ్ళకు సన్నపు పుల్ల ఇంకా బిగుస్తుంది, కాబట్టి నొప్పి అని ఇంకా సన్నని 7ఏ కొనేముందు 5బీ పట్టి చూడండి.

ఆసనం ఎత్తు కూడా చూడండి. తుంటి మోకాలి కంటే కొంచెం పైన ఉండాలి. కింద కూర్చుంటే నడుం గుండ్రమై భుజాలు ముందుకొస్తాయి, అక్కడి నుంచే మణికట్టు దాకా పట్టేస్తుంది. వాయించేముందు ప్యాడ్ మీద పది నిమిషాలు, 60 టెంపోలో, మెల్లగా. నొప్పి రాత్రి నిద్రలో కూడా ఉన్నా, వేళ్ళు తిమ్మిరెక్కినా వాయింపు ఆపి డాక్టరుకు చూపించండి. ఐసు పెట్టుకుని కచేరీకి వెళ్ళడం వైద్యం కాదు.

చెవుల సంగతి మీరు అడగలేదు, మేమే చెబుతున్నాం. 85 డెసిబెల్స్‌లో ఎనిమిది గంటలు ఉండొచ్చు. ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గర 15 నిమిషాలే. గదిలో స్నేర్ దాన్ని దాటిపోతుంది. ఇయర్ ప్లగ్గులు కొనండి.

ప్రశ్న: ఆయన మన దేశంలో ఎప్పుడైనా వాయించాడా? (హనుమకొండ పాఠకుడు)

ఒక్కసారి, 2019 డిసెంబరు 15న, నవీ ముంబై డీవై పాటిల్ స్టేడియంలో. 'జాషువా ట్రీ' ఆల్బమ్ పేరిట చేసిన యాత్రలో అది ఆఖరి కచేరీ. ఆ యాత్రలో కచేరీ మొదలయ్యే తీరు ఇది: అందరికంటే ముందు లారీ ఒక్కడే నడుచుకుంటూ వచ్చి, జనం మధ్యకు చాచిన చిన్న వేదిక మీద కిట్టు వెనక కూర్చుని 'సండే బ్లడీ సండే' స్నేర్ ఎత్తుకుంటాడు. తర్వాత మిగతా ముగ్గురూ వస్తారు. వీడియోలు దొరికితే ఆ మొదటి కొన్ని సెకన్లలో ఆయన ఎడమ మణికట్టు చూడండి, రాజమహేంద్రవరం పాఠకురాలు ముఖ్యంగా.